ఒకసారి ఆపరేషన్ అయితే ప్రతిసారీ ఆపరేషనేనా? వేలూరు - గుడియాత్తం దారిలో ఒక చరిత్ర



మా గుడియాత్తంలో చాలా ఇళ్లలో తెలుగు, వీధిలో తమిళం. మామూలుగా జరిగిన పురుడును తమిళంలో సుగప్రసవం అంటారు. మనం మామూలు కాన్పు అంటాం. కడుపు కోసి బిడ్డను తీస్తే మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే మాట, ఆపరేషన్. మరి మొదటి బిడ్డ ఆపరేషన్‌తో పుట్టాక రెండో బిడ్డను మామూలుగా కంటే ఆ కాన్పును ఏమనాలి? దానికి మన రెండు భాషల్లోనూ వాడుకలో ఒక పేరు లేదు. పేరు లేని సంగతిని నోరు తెరిచి అడగడం కష్టం. అందుకే చాలామంది అడగరు.

మొన్న ఒక ఆదివారం నా పాత విద్యార్థిని ఒకతె మా ఇంటికి వచ్చింది. భర్తకు లుంగీల మగ్గం ఉంది. ఆమెకు ఇప్పుడు ఏడో నెల. మొదటి బిడ్డ అడ్డం తిరిగి ఉంటే ఆపరేషన్ చేసి తీశారు. ఆ పిల్లకు ఇప్పుడు నాలుగేళ్లు. "టీచర్, ఈసారి నొప్పులు పడి కనవచ్చునా? మా అత్తమ్మ అప్పుడే పంచాంగం చూపించి మంచి ముహూర్తం అడిగొచ్చింది" అంది. నేను డాక్టరును కాను, సాంఘికశాస్త్రం చెప్పే పంతులమ్మను. "ఏమ్మా, అది డాక్టరమ్మను అడగవలసిన మాట. కాని ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది, అది నేను చెప్పగలను" అన్నాను. ఆమెకు చెప్పినదే ఈ వేళ మీకూ మనవి చేస్తాను.

ఈ కథ మన ప్రాంతంలోనే మొదలుపెడదాం. 1870లో రాణిపేటలో ఐడా సోఫియా స్కడ్డర్ అనే అమెరికా మిషనరీల బిడ్డ పుట్టింది. తండ్రి డాక్టరు. 1890ల తొలినాళ్లలో ఆమె తల్లికి జబ్బు చేసిందని తిండివనం వచ్చి ఉంది. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి ఆ ఇంటి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మూడో ఆయన మరొక హిందువు. ముగ్గురి ఇళ్లలోనూ భార్యలు కాన్పు కష్టమై అల్లాడుతున్నారు. ఐడా తనకు వైద్యం రాదు, తన తండ్రి వస్తాడు అంది. మగ డాక్టరును లోపలికి రానివ్వం అని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు ఇల్లాళ్లూ చనిపోయారు.

ఆ రాత్రి ఐడా మనసు మార్చింది. ఆమె అమెరికా వెళ్లి, కార్నెల్ వైద్య కళాశాలలో చదివి, 1899లో పట్టా తీసుకొని, 1900 సంవత్సరం ఆరంభంలో తిరిగి వచ్చింది. వేలూరులో తండ్రి ఇంట్లోనే చిన్న గదిలో రోగులను చూడడం మొదలుపెట్టింది. 1902లో నలభై పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల వచ్చాయి. ఈనాటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పునాది అదే. అప్పుడు చిత్తూరు కూడా మన ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడింది. జిల్లా గీత మారినా పలమనేరు, చిత్తూరు వైపు తెలుగువాళ్లు వైద్యానికి వేలూరు రావడం మానలేదు.

రోగులు తన దగ్గరికి రాలేకపోతే తానే వెళ్లాలని ఐడా అనుకుంది. వారానికి ఒక రోజు మోటారు కారులో మందుల పెట్టెలతో వేలూరు నుంచి గుడియాత్తం దాకా వచ్చేది. దారి పొడవునా చెట్ల నీడన కారు ఆపి జనాన్ని చూసేది. కాన్పు కష్టమైన తల్లికీ, చేయి తిరిగిన డాక్టరుకూ మధ్య ఉన్న దూరమే ప్రాణాలు తీస్తుందని ఆమెకు తెలుసు. నా కథలో ఈ దూరం అనే మాట మళ్లీ వస్తుంది. గుర్తుంచుకోండి.

ఇక ఆపరేషన్ కాన్పు సంగతి. ఒకప్పుడు అది తల్లి చనిపోయాక బిడ్డను దక్కించుకోవడానికి చేసిన పని. 1500 ప్రాంతంలో స్విట్జర్లాండులో పందులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే యాకోబ్ నూఫర్ అనే అతను తన భార్య కడుపు కోసి బిడ్డను తీశాడనీ, ఆమె బతికి తరువాత మరికొందరు బిడ్డలను మామూలుగానే కన్నదనీ ఒక కథ ఉంది. చాలా ఏళ్ల తరువాత రాసిన కథ కనుక చరిత్రకారులు దాన్ని పూర్తిగా నమ్మరు. అయినా మన ప్రశ్న ఎంత పాతదో అది చెబుతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో కూడా ఈ ఆపరేషన్ అంటే దాదాపు చావే. రక్తం పోయి, చీము పట్టి తల్లులు చనిపోయేవారు. ఇటలీలో పోర్రో అనే డాక్టరు 1876లో బిడ్డను తీశాక గర్భసంచినే తీసివేసి తల్లిని బతికించాడు. 1882లో జర్మనీకి చెందిన మాక్స్ జేంగర్ గర్భసంచిని తీసివేయకుండా జాగ్రత్తగా కుట్టి చూపించాడు. ఆపరేషన్ తరువాత మళ్లీ గర్భం అనే మాటకు అర్థం వచ్చింది అప్పుడే. సంచి మిగిలింది. సంచి మీద కుట్టు కూడా మిగిలింది.

ఆ రోజుల్లో గర్భసంచిని పైభాగాన నిలువుగా కోసేవారు. నొప్పులప్పుడు గట్టిగా బిగుసుకునే కండ అదే. తరువాతి కాన్పులో ఆ కుట్టు చిట్లే ప్రమాదం చాలా ఎక్కువ. 1916లో న్యూయార్కు డాక్టరు ఎడ్విన్ క్రేగిన్ ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే అనే సూత్రం రాశాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. అయితే ఆయన ఆ మాట అన్నది మొదటి ఆపరేషన్ ఊరికే చేయవద్దని డాక్టర్లను హెచ్చరించడానికి. దానికి మినహాయింపులు ఉన్నాయని కూడా ఆయనే రాశాడు. హెచ్చరిక మరుగున పడి, సూత్రం మిగిలింది.

తరువాత స్కాట్లండులోని గ్లాస్గో డాక్టరు మన్రో కెర్, గర్భసంచి కింది భాగాన అడ్డంగా కోసే పద్ధతిని 1920లలో గట్టిగా ప్రచారం చేశాడు. కింది భాగం పలుచన, నొప్పుల్లో తక్కువగా బిగుసుకుంటుంది, బాగా మానుతుంది. నేడు మనదేశంలోనూ ఎక్కువగా చేసేది ఈ అడ్డకోతే. కోత మారింది కాని, నిలువుకోత నాటి సూత్రం మాత్రం జనం నోట్లోనూ, చాలామంది డాక్టర్ల అలవాటులోనూ ఉండిపోయింది.

1980లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పండితులను సమావేశపరచి, అడ్డకోత ఉన్న తల్లులు మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చునని తేల్చాయి. 1996 నాటికి అక్కడ ఆపరేషన్ అయిన తల్లుల్లో నూటికి 28 మంది తరువాత మామూలుగా కన్నారు. అంతలో కుట్టు చిట్లిన కేసులు బయటికి వచ్చాయి, కోర్టు భయాలు పెరిగాయి. ప్రయత్నించే చోట డాక్టరు, థియేటరు వెంటనే సిద్ధంగా ఉండాలని నియమాలు వచ్చాయి. అంత ఏర్పాటు లేని ఆసుపత్రులు చేతులెత్తేశాయి. పదేళ్లలో ఆ సంఖ్య నూటికి పదికన్నా కిందికి పడిపోయింది. 2010లో మళ్లీ సమావేశం జరిపి, చాలామందికి ఇది తగిన మార్గమేనని చెప్పారు. ఊయల ఇటూ అటూ ఊగినట్టే.

మరి అసలు ప్రమాదం ఎంత? ఒకసారి అడ్డకోత పడిన తల్లులు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. కుట్టు చిట్లేది వెయ్యిమందిలో 5 నుంచి 9 మందికి. అంకె చిన్నదే కాని, చిట్లితే తల్లికీ బిడ్డకూ నిమిషాల మీద ప్రాణగండం. మరో పక్క ఆపరేషన్ మీద ఆపరేషన్ కూడా ఊరికే పోదు. మాయ గర్భసంచి కింద అడ్డంగా ఉన్న తల్లులను అమెరికాలో పరిశీలించి 2006లో ప్రచురించిన లెక్క ఇది. అటువంటి వాళ్లలో రెండో ఆపరేషన్ నాటికి నూటికి 11 మందికి, మూడో ఆపరేషన్ నాటికి నూటికి 40 మందికి మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయింది. అప్పుడు రక్తం ఆపడమే కష్టం, గర్భసంచినే తీసివేయవలసి రావచ్చు. కనుక రెండు దారుల్లోనూ ముల్లు ఉంది. ఏ ముల్లు ఎవరికి తక్కువ గుచ్చుకుంటుందో చూడడమే తెలివి.

మన లెక్కలూ వినండి. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో నూటికి ఎనిమిదిన్నర కాన్పులు ఆపరేషన్లు. 2019-21 నాటికి నూటికి ఇరవై ఒకటిన్నర. అదే సర్వేలో తమిళనాడులో నూటికి 45, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 61. ఐడా స్కడ్డర్ కాలంలో ఆపరేషన్ చేసేవాళ్లు లేక తల్లులు పోయారు. ఇప్పుడు అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతోంది, అందులో సందేహం లేదు. అవసరం లేనివీ కలుస్తున్నాయి. ముహూర్తం కోసం కోయించుకున్న కడుపు, తరువాతి కాన్పుకు ఒక కుట్టును మిగిల్చి పోతుంది. ఆ కుట్టుకు మంచి ఘడియ, చెడు ఘడియ తెలియదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నా మొదటి కాన్పు ఒక చిన్న నర్సింగ్ హోములో అర్ధరాత్రి ఆపరేషన్‌తో అయింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో ఆడశిశువు, ఇంత బరువు, కుట్లు ఫలానా రోజు విప్పాలి అని మాత్రమే ఉంది. లోపల గర్భసంచిని ఎలా కోశారో, ఎందుకు కోశారో ఒక్క ముక్క లేదు. మూడేళ్ల తరువాత రెండోసారి గర్భంతో ఉన్నప్పుడు మరొక డాక్టరమ్మ ఆ చీటీ చూసి, "పైన తోలు మీద మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోత అడ్డమే అనుకోలేమమ్మా" అంది. మా ఆయన ఆ నర్సింగ్ హోముకు వెళితే అది మూతపడి ఉంది. నాకు రెండోసారీ ఆపరేషనే చేశారు. బిడ్డలిద్దరూ చక్కగా ఉన్నారు, నాకు ఆ ఆపరేషన్ మీద కోపం లేదు. నా నిర్ణయం నేనూ డాక్టరూ కూర్చుని తీసుకోకుండా, లేని ఒక కాగితం తీసుకుందన్నదే నా బాధ.

అందుకే ఆ అమ్మాయిని నేను అడిగిన మొదటి మాట, "నీ చీటీ ఉందామ్మా?" అని. ఉంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషను కార్డుతో పాటు దాచింది. అందులో కింది భాగాన అడ్డకోత అని, బిడ్డ అడ్డంగా ఉన్నందువల్ల ఆపరేషన్ అని స్పష్టంగా రాసి ఉంది. కారణం కూడా ముఖ్యమే. బిడ్డ అడ్డం తిరగడం ప్రతి కాన్పులోనూ వచ్చే చిక్కు కాదు. అంతకుముందు ఒకసారైనా మామూలుగా కన్నవాళ్లకు విజయం ఇంకా ఎక్కువ. ముందు నిలువుకోత పడినా, ఒకసారి కుట్టు చిట్లినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా ఈ ప్రయత్నం తగదు. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే కుట్టు చిట్లే ప్రమాదం పెరుగుతుంది. మందులతో నొప్పులు తెప్పిస్తే కూడా పెరుగుతుంది. ఇవన్నీ తూచి చెప్పవలసింది డాక్టరే.

ఇక దూరం సంగతి. ఈ ప్రయత్నం ఇంట్లో మంత్రసానితో చేసేది కాదు, రాత్రి థియేటరు తెరవని చోట చేసేదీ కాదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ గుండె చప్పుడును విడవకుండా చూస్తుండాలి. కుట్టు చిట్లుతున్న సంగతిని చాలాసార్లు ముందుగా చెప్పేది ఆ చప్పుడే. మత్తు డాక్టరు, రక్తం, థియేటరు చేతికి అందేంత దగ్గరలో ఉండాలి. 2008 నుంచి తమిళనాడులో 108 బండి ఉంది, నిజమే. అయినా ముప్పై కిలోమీటర్ల పైబడిన దారిలో, రైల్వే గేటు పడితే ఆ నిమిషాలు ఎవరు తిరిగి ఇస్తారు?

ఆ అమ్మాయి తన చీటీ పట్టుకొని భర్తతో, అత్తగారితో కలిసి వేలూరు వెళ్లింది. డాక్టరమ్మ చీటీ చదివి, స్కానింగులో మాయ ఎక్కడ ఉందో చూసి, ప్రయత్నించవచ్చు అంది. నొప్పులు ముందుకు సాగకపోతే ఆపరేషన్‌కు ఒప్పుకోవాలని కూడా ముందే చెప్పింది. అత్తగారు ఒకటే అడిగింది, "నా కోడలికి ఏమన్నా అయితే?" అని. డాక్టరమ్మ ఏమీ కాదు అనలేదట. వెయ్యిలో ఎంతమందికి ఏమవుతుందో, అయితే తాము ఏం చేస్తారో విడమరిచి చెప్పిందట. ఆ పెద్దావిడ ఇంటికి వచ్చి పంచాంగం మూసి పెట్టింది. నెలలు నిండే రెండు వారాల ముందే కోడలిని వేలూరులో తన చెల్లెలి ఇంట్లో ఉంచాలని నిర్ణయించింది కూడా ఆవిడే. ఆసుపత్రికి అక్కడి నుంచి పది నిమిషాల దారి.

కాన్పు ఇంకా కాలేదు. మామూలుగా అవుతుందో, చివరికి ఆపరేషనే అవుతుందో నాకు తెలియదు. ఏది అయినా అది ఓటమి కాదు. నూరేళ్ల కిందట ఈ దారిలోనే వైద్యం చెట్టు నీడన మన కోసం వచ్చి ఆగింది. ఈ వేళ మనం చేయవలసింది చిన్న పని. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ కాన్పు అయితే, డిశ్చార్జి అయ్యే రోజునే కోత ఏ రకమో, కారణం ఏమిటో రాయించి తీసుకోండి. ఆ చీటీని ఇంటి పట్టా దాచిన చోటే దాచండి.