పీయూషగ్రంథికి దారి

మెదడు అడుగుభాగమున, ముక్కు మూలమునకు సూటిగా వెనుక, గుఱ్ఱపు జీనును పోలిన చిన్న ఎముక పల్లము కలదు. అందు శనగగింజంత పీయూషగ్రంథి ఒదిగియున్నది. దానికి పైగా కంటి నరములు కలిసికొనును. ఇరుప్రక్కల మెదడునకు నెత్తురు గొనిపోవు ధమనులు సాగును. ఇంత ఇరుకు చోట కణితి పుట్టినచో దానిని చేరుట యొక చిక్కు. అది ఎట్టిదో తెలిసికొనుట మఱియొక చిక్కు. ఈ రెండు చిక్కులను విప్పుటకు వైద్యులు పడిన శ్రమయే ఈ చరిత్ర.

రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్, మెదడులోని శ్లేష్మము ఈ గ్రంథి గుండ ముక్కులోనికి జాఱునని తలచెను. ‘పిట్యూటరీ’ యను పేరు శ్లేష్మమను అర్థముగల లాటిన్ మాటనుండి వచ్చినదే. 17వ శతాబ్దమున జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ష్నైడర్ శ్లేష్మము ముక్కు పొరలందే పుట్టునని చూపి ఆ భ్రమను తొలగించెను. 1886లో పారిసునందు పియర్ మారీ, చేతులు, పాదములు, దవడ మితిమీరి పెరుగు వ్యాధిని వర్ణించి ‘ఆక్రోమెగలీ’ యని పేరిడెను. ఆ వ్యాధికి మూలము పీయూషగ్రంథిలోని కణితియే యని క్రమముగా తేలెను.

మూలము తెలిసినది, చేరుట ఎట్లు? 1889లో లండనునందు విక్టర్ హార్స్‌లే కపాలము తెఱచి గ్రంథిని చేరెను. 1907 మార్చిలో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున హెర్మన్ ష్లోఫర్ మఱియొక త్రోవ త్రొక్కెను. ముక్కును ప్రక్కకు ఒత్తిగించి, దాని వెనుకనున్న ఎముకను తొలిచి, క్రిందినుండి కణితిని అందుకొనెను. ఆ రోగి రెండున్నర నెలలకు మరణించెను. లోపల కణితి ఇంకను చాల మిగిలియుండెను. అయినను దారి దొరకినది.

ఆ దారిని రాజమార్గము చేసినవాడు అమెరికను వైద్యుడు హార్వే కుషింగ్. ఆయన పైపెదవి లోపలి గాటుతో ముక్కు వెనుకకు పోయి, 1910 మొదలు 1925 వఱకు 231 మందికి శస్త్రచికిత్స చేసెను. మరణించినవారు నూటికి 5.6 మాత్రమే. పెనిసిలిన్ పుట్టని కాలమున ఇది అద్భుతమే. పిమ్మట ఆయనయే కపాలమార్గమునకు మరలగా తక్కినవారును ఆ దారిని విడిచిరి. ఆయన శిష్యుడైన ఎడింబరో వైద్యుడు నార్మన్ డాట్ మాత్రము దానిని విడువలేదు. డాట్ వద్ద ఫ్రాన్సు దేశీయుడు గియో, గియో వద్ద కెనడా దేశీయుడు హార్డీ ఆ విద్యను నేర్చిరి. 1960 తరువాతి దశకమున హార్డీ సూక్ష్మదర్శినిని చేర్చి, ఆరోగ్యవంతమైన గ్రంథిని కాపాడుచు కణితిని మాత్రమే తీయగలిగెను. నేడు సన్నని దూరదర్శక నాళమును ముక్కురంధ్రముననే పంపుచున్నారు.

రెండవ చిక్కు ఇంకను పూర్తిగా విడలేదు. ఇచ్చటి కణితులలో అధికభాగము సాధుస్వభావము కలవి. వేయింటికి ఒకటి రెండు మాత్రము నిజమైన కాన్సరు. అయితే తీసిన ముక్కను సూక్ష్మదర్శినిక్రింద చూచి ఇది కాన్సరని రూఢిగా చెప్పజాలరు. కణితి తన చోటు విడిచి వెన్నుపామునకో, కాలేయమునకో, ఎముకలకో ప్రాకినప్పుడే ఆ పేరు చెల్లును. అందులకు తఱచు ఏండ్లు పట్టును. కావుననే శస్త్రచికిత్సతో పని ముగిసినదనుకొనక, మరల మరల పెరుగు కణితిని వైద్యులు కనిపెట్టియుండవలెను. 2006లో టెమొజొలొమైడ్ అను ఔషధము కొందఱు రోగులకు గుణమిచ్చినట్లు వార్తలు వెలువడెను; నేడు అట్టి కణితులకు వాడు ముఖ్యౌషధము అదియే.

రొమ్మునుండియు ఊపిరితిత్తులనుండియు వచ్చిన కాన్సరు సైతము ఒక్కొక్కప్పుడు పెద్దవారిలో ఈ గ్రంథిని చేరును. అప్పుడు తీఱని దాహము, అతిమూత్రము తొలి సూచనలు కావచ్చును. కణితి ఏదైనను, ఇరుప్రక్కల చూపు మందగించుట నిర్లక్ష్యము చేయదగినది కాదు. శస్త్రవైద్యులు నూఱేండ్లు శ్రమించి దారి వేసిరి. రోగి సకాలమున వచ్చిననే ఆ దారి సఫలమగును.