సంస్కృతి, సంస్థానిర్మాణము: నిజాము రాష్ట్రమున ఆంధ్రోద్యమము

ఒక జనసముదాయము తన భాషను, ఆచారములను, పూర్వచరిత్రను ఎంత గౌరవముతో భావించునో ఆ భావనయే కాలక్రమమున అది నిర్మించుకొను సంస్థల స్వరూపమును నిర్ణయించు ననుటకు నిజాము రాష్ట్రమునందలి ఆంధ్రోద్యమము విశదమైన నిదర్శనము. పరిపాలనయందును ఉన్నతవిద్యయందును ఉర్దూకే ప్రాధాన్య మున్న ఆ రాష్ట్రమున, కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల ప్రభువు నాయని వేంకటరంగారావు ప్రభృతుల పూనికచే 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము దాని ననుసరించెను. ఇవి పుస్తకశాలలుగా నారంభమైనను, చందాలు కూర్చుట, కార్యవర్గము నేర్పఱచుకొనుట, పదిమందిలో నిలిచి మాటలాడుట యను పౌరవిద్యలను ప్రజల కభ్యాసము చేయించిన పాఠశాలలు కూడ నయ్యె ననుట అతిశయోక్తి కాదు.

1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో తెలుగున ప్రసంగింపబూనిన వక్త నవహేళన చేయగా, ఆ పరాభవమునుండి ఆంధ్రజనసంఘము జనించెను. మాడపాటి హనుమంతరావు దానికి కార్యదర్శియై, గ్రంథాలయ పాఠశాలా స్థాపనమును ముఖ్యకార్యముగా నెంచి, అవిశ్రాంతముగా శ్రమించెను. ఈ సంఘకృషియే విస్తరింపగా, 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ జరిగెను.

భాషాభిమాన మొక్కటియే యీ పరిణామమునకు కారణమనరాదు. వెట్టిచాకిరి, భూస్వామ్యపీడనము గ్రామములను క్షోభింపజేయుచుండెను. అయినను ఆ బాధ సంఘటితరూపము దాల్చుటకు వలసిన సభాసంప్రదాయము భాషానిలయముల ప్రసాదమే. ఈ గ్రామసమస్యలు సభలోనికి వచ్చిన పిదప, 1944లో భువనగిరియందు రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సమావేశమైన మహాసభ వామపక్ష, మితవాద వర్గములుగా చీలిపోయెను.