నెత్తురు తెచ్చుకొను కండ

వర్గల్ గుట్టపై విద్యా సరస్వతిని దర్శింప వచ్చువారికి ఈ యూరు అక్షరాభ్యాసముల క్షేత్రముగనే పరిచితము. కాని నోటిపుండు కేన్సరని తేలిన ఇచ్చటివారికి దక్షిణమున 50 కిలోమీటర్ల దూరమునున్న హైదరాబాదే దిక్కు. అచట రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొని, మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలయుచున్న ఆసుపత్రి ఎందరో పేదలకు ఆయువు పోసినది.

జనులు కరెంటు పెట్టుట యనెడి కిరణచికిత్స వ్రణమును దహించును. అయితే ఆ కిరణములే దవడ యెముకలోని సన్నని రక్తనాళములను గూడ క్రమముగా మూసివేయుటచే, ఏండ్లు గడచిన పిదప పన్నొకటి పెరికించుకొనినంత మాత్రమున గాయము మానక, చిగురు చీలి ఎముక బయటపడి, తుదకు దవడ విరుగు దుస్థితి కొందరికి కలుగుచున్నది. ఫ్రాన్సు వైద్యుడు రెగో దీనిని 1922లోనే వర్ణించెను. అట్టిచోట నెత్తురులేని ఎముకముక్కను అతికించుట నీరెక్కని మడిలో నారు నాటుటయే.

తన రక్తనాళమును తనతో తెచ్చుకొను కండయే అచట నిలుచును. ఈ మర్మము మనదేశమునకు క్రొత్త కాదు. చెక్కిలి చర్మముతో ముక్కు కట్టు విధానము సుశ్రుతసంహితలో కలదు. టిప్పుసుల్తానుతోడి యుద్ధకాలమున ముక్కు కోల్పోయిన కావస్జీ యను బండివానికి, ఇటుకలు చేయు కులమువాడొకడు నుదుటి చర్మమును మొదలు తెగకుండ త్రిప్పి కుట్టిన వృత్తాంతమును 1794లో లండన్ పత్రిక ప్రకటింపగా, 1814లో ఆంగ్ల శస్త్రవైద్యుడు కార్ప్యూ దానిని అచట చేసి చూపెను. ఆ పనివానికి వైద్యచరిత్రలో దక్కిన గౌరవము చాలదని నా దృఢవిశ్వాసము.

ఈ తీరుననే శస్త్రవైద్యులలో 1965లో బకంజియన్ రొమ్ముచర్మమును, 1979లో అరియన్ రొమ్ముకండరమును పైకి మరల్చిరి. 1989లో హిడాల్గో పిక్క వెలుపలి సన్నని ఎముకతో క్రింది దవడను నిర్మించెను. మోకాలికిని చీలమండకును బలము తగ్గకుండ రెండు కొసలను వదలి, నడిమి యెముకను ధమనీసిరలతో సహా తీసి, దవడ వంపునకు తగునట్లు ముక్కలుగా కోసి పలకతో బిగించి, సూక్ష్మదర్శిని క్రింద వెంట్రుకకంటె సన్నని దారముతో మెడలోని నాళములకు కుట్టుదురు. కిరణములు సోకినవైపు మంచినాళము దొరకనిచో ఆవలివైపున వెదకుదురు. ఆపై మొదటి దినములలో గంటగంటకును నర్సు ఫ్లాప్ అనబడు ఆ అతికించిన భాగము రంగు చూచుచుండును. అనుమానము కలిగినచో వైద్యుడు సూదితో గ్రుచ్చును. ఎఱ్ఱని నెత్తురు చిమ్మినచో మేలు. నల్లనిది కారినచో అర్ధరాత్రియైనను రోగిని మరల ఆపరేషన్ థియేటరునకు గొనిపోయి, ఆ కుట్లు విప్పి చూడవలసినదే.