దూడను మోసిన మల్లుడు



సంగిడి రాయిని అవలీలగ తలపై కెత్తు పడుచువానిని చూచి, "వాని కది పుట్టుకతో వచ్చిన బలము" అని మనవా రనుట కలదు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని అభ్యాసముచే వచ్చు బలమును తక్కువ కాదు. ఈ సంగతిని లోకము గుర్తించిన కథ చిత్రమైనది.

క్రీస్తునకు పూర్వము 6వ శతాబ్దమున దక్షిణ ఇటలీయందలి క్రోటన్ నగరమున మైలో అను మల్లుడుండెను. ఒలింపియా మల్లయుద్ధములలో అతడు 6 పర్యాయములు జయమొందెను. అతడొక లేగదూడను భుజములపై నెత్తుకొని, అది ఆబోతగువఱకు ప్రతిదినమును మోసెనని చెప్పుదురు. కథ యెట్లున్నను అందలి సూత్రము గట్టిది: బరువు కొంచెము కొంచెముగ పెరిగినచో బలమును దాని వెంట పెరుగును.

ఈ సూత్రము వైద్యశాలలో స్థిరపడుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టెను. రెండవ ప్రపంచయుద్ధమున మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు అమెరికాలోని చికాగోయందలి గార్డినర్ సైనిక వైద్యశాలకు వచ్చుచుండిరి. తేలిక బరువులను పలుమాఱు లెత్తించుటయే అప్పటి వాడుక. థామస్ డెలోర్మ్ అను యువవైద్యుడు దానిని మార్చెను. రోగి 10 సార్లు మాత్రమే ఎత్తగల భారమును కనుగొని, బలము హెచ్చినకొలది ఆ భారమును హెచ్చించుచు వచ్చెను. ఫలితములను 1945లో ప్రకటించెను. 1948లో వాట్కిన్స్ అను వైద్యునితో కూడి పద్ధతిని సుగమ మొనర్చెను: మొదట ఆ భారములో సగము 10 సార్లు, పిమ్మట ముప్పాతిక 10 సార్లు, తుదకు పూర్ణభారము 10 సార్లు.

ఇందువలన దేహమున జరుగునదేమి? మొదటి కొలది వారములలో కండ అంతగా పెరుగదు. ఉన్న కండపోగులను ఎక్కువగ కూడగట్టి పని చేయించుటను నరములు నేర్చుకొనును. అటుపిమ్మట పోగులు లావగును. ఇందుకు విశ్రాంతియు, పప్పు, పాలు, గ్రుడ్లు మున్నగు మాంసకృత్తులు గల ఆహారమును కావలయును.

బలము వేఱు, జవము వేఱు. ధాన్యపు బస్తాను మెల్లగ లేవనెత్తుటకు బలము చాలును. ఒక్క ఊపున బండిపై వేయుటకు జవమును కావలయును. వార్ధక్యమున బలముకంటె జవము త్వరగ సన్నగిల్లును. గట్టుమీద ఒక కాలు జాఱినప్పుడు రెండవ కాలిని క్షణములో మోపి నిలద్రొక్కుకొనుటకు కావలసినది అదియే.

"మాకిక వయస్సు దాటినది గదా" అందురేమో. 1990లో మరియా ఫియాటరోనీయు, ఆమె సహచరులును బోస్టన్ నగరమున జరిపిన పరిశోధనను ప్రకటించిరి. వృద్ధులను పోషించు నిలయమున 90 యేండ్ల ప్రాయమువారు 10 మంది 8 వారములు కాళ్ళతో బరువు లెత్తిరి. తుదివఱకు నిలిచిన 9 మందికి కాలిబలము సగటున 174 శాతము హెచ్చెను. ఇద్దఱు చేతికఱ్ఱను విడిచి నడచిరి.

కావున మంచమే గతియని యెంచవలదు. వైద్యుని సలహా గొని, చేతు లూనక కుర్చీనుండి పలుమాఱులు లేచుటతో మొదలిడవచ్చును. అదియు బరువెత్తుటయే, ఎత్తునది మన దేహము. ఊపిరి బిగబట్టరాదు, తొందర పడరాదు. మైలో మొదటినాడే ఆబోతు నెత్తలేదు, దూడతో ప్రారంభించెను.