గుండు, తూటా, మందు: మా తాత పెట్టెలో దొరికిన మాటలు

కంది కోత అయిపోయింది, రెండ్రోజులు తీరిక దొరికింది. ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం అటక మీద నుంచి మా తాత పాత చెక్కపెట్టె దించాం. అందులో పటకారు లాంటి ఇనప అచ్చు ఒకటి, ఎద్దు కొమ్ము తొలిచి చేసిన మందు కొమ్ము ఒకటి, గుడ్డమూటలో ఏడు సీసపు గుండ్లు ఉన్నాయి. ఒక్కోటి రేగ్గాయంత. మా మనవడు నాలుగో తరగతి. చేతిలోకి తీసుకుని "తాతా, ఇవి బుల్లెట్లా?" అన్నాడు. "బుల్లెట్లు కాదురా, గుండ్లు" అన్నా. "గుండంటే తిరపతిలో చేయించుకునేది కదా!" అని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వా. కానీ ఆ రాత్రి పడుకున్నాక అదే ఆలోచన. ఈ మాటలన్నీ ఎక్కడివి? అప్పట్నించి పెద్దల్ని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నా.

ముందు ఆ పెట్టె మా ఇంట్లో ఎందుకుందో చెప్పాలి. మాది నల్లమల వార. అడవి పందులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మా తాతకి పంట కాపలా కోసం లైసెన్సు తుపాకి ఉండేది. 1959 ఆయుధాల చట్టంలో కూడా పంట కాపలాకి మూతి వైపు నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని విడిగా రాసుంది. తాత పోయాక మా నాయన ఆ తుపాకి స్టేషన్లో అప్పజెప్పాడు. పెట్టె మాత్రం మిగిలింది.

ఇక మాటల సంగతి. గుండు మన మాటే. గుండ్రంగా ఉన్నదేదైనా గుండే. గుండ్రాయి, గుండుసూది, గుండుమల్లె, చివరికి మా వాడు నవ్విన బోడిగుండూ అంతే. పండగలకి ఊళ్ళో కుర్రాళ్ళు ఎత్తే రాతిగుండు గుర్తుందా? తుపాకి రాకముందే ఆ మాట ఉంది. తుపాకి వచ్చి దానిలోంచి గుండ్రటి సీసం ముక్క బయటికొస్తే, మనవాళ్ళు కొత్త పేరు వెతుక్కోలేదు. ఉన్న పేరే పెట్టేశారు.

తమాషా ఏంటంటే ఇంగ్లీషు వాళ్ళూ అదే పని చేశారు. బుల్లెట్ అనే మాట ఫ్రెంచి వాళ్ళ "బులెత్" నుంచి వచ్చింది. ఫ్రెంచిలో "బూల్" అంటే బంతి, "బులెత్" అంటే చిన్న బంతి. అంటే బుల్లెట్ అన్నా చిన్న గుండు అన్నా ఒకటే. మా మనవడు అన్నదీ తప్పు కాదు, నేనన్నదీ తప్పు కాదు.

సీసమే ఎందుకంటే అది బరువు, పైగా తేలిగ్గా కరుగుతుంది. 327 డిగ్రీలు చాలు. తుమ్మ బొగ్గుల మీద ఇనప గరిటె పెట్టి కరిగించి, అచ్చులో పోస్తే చల్లారేసరికి గుండు తయారు. 1850 ప్రాంతంలో యూరప్ వాళ్ళు కోసుగా ఉండే గుండు కనిపెట్టారు. అది ఇంకా దూరం పోతుంది, గురీ తప్పదు. అప్పట్నించి గుండు గుండ్రంగా లేదు. పేరు మాత్రం మారలేదు.

తుపాకి మన మాట కాదు. టర్కీ వాళ్ళు "తుఫెక్" అంటారు, పారశీకంలో "తుఫంగ్". మొదట్లో ఆ మాటకి అర్థం ఊదుడు గొట్టం. నోటితో ఊది, మట్టి ఉండతో పిట్టల్ని కొట్టే గొట్టం. తర్వాత ఊదే పని నిప్పు చేసింది, పేరు అలాగే ఉండిపోయింది. మనకి ఉత్తరాన బస్తర్‌లో గోంచా పండగకి పిల్లా పెద్దా వెదురు గొట్టాల్లో అడవికాయలు పెట్టి ఒకరినొకరు కొట్టుకుంటారు. ఆ గొట్టాన్ని వాళ్ళు "తుప్కి" అంటారు. ఎక్కడి టర్కీ, ఎక్కడి బస్తర్!

ఆ మాట ఇంత దూరం ఎలా వచ్చిందనుకుంటే, దానికి ఒక ఆనవాలుంది. 1565లో విజయనగరానికీ దక్కన్ సుల్తానులకీ జరిగిన యుద్ధంలో అహ్మద్‌నగర్ ఫిరంగుల పెద్ద పేరు రూమీ ఖాన్. రూమీ అంటే రూమ్ దేశం వాడు, అంటే టర్కీ వైపు వాడు. ఆ రోజు ఫిరంగుల్లో గుండ్లకి బదులు రాగి డబ్బులు సంచులకొద్దీ దట్టించి దగ్గర నుంచి పేల్చాడని ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడు. పనిముట్టుతో పాటు దాన్ని వాడే మనుషులూ వస్తారు, వాళ్ళతో పాటు మాటా వస్తుంది. ట్రాక్టరు వచ్చినప్పుడు క్లచ్చు, గేరు, హైడ్రాలిక్కు మన నోళ్ళలోకి రాలేదూ? ఫిరంగీ అలాంటిదే. యూరప్ వాళ్ళని అరబ్బులు, పారశీకులు "ఫ్రాంకులు" అనే జాతి పేరు మీద ఫిరంగీలు అనేవాళ్ళు. మనకి మనిషి పేరు పోయి ఆయుధం పేరు మిగిలింది.

మా తాత తన తుపాకిని భర్మారు అనేవాడు. చిన్నప్పుడు అదేదో కంపెనీ పేరనుకునేవాణ్ణి. కాదు. హిందీలో "భర్" అంటే నింపు, "మార్" అంటే కొట్టు. నింపి కొట్టేది, అంతే. ముందు మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, గుండు వేసి, పొడుగాటి కడ్డీతో దట్టించాలి. ఆ కడ్డీ పేరు గజం. ఇవాళ రోడ్డు పక్క చేలని ప్లాట్లు కోసి గజాల్లెక్కన అమ్ముతున్నారే, ఆ గజమూ ఈ గజమూ ఒకే మాట. కొలిచేదీ కడ్డీయే, దట్టించేదీ కడ్డీయే.

ఇప్పుడు తూటా. పేపర్లలో తూటా అన్నా గుండు అన్నా ఒకటే అన్నట్టు రాస్తారు. పాతకాలంలో రెండూ వేరు. తూటా అంటే పొట్లం. ఒక్క దెబ్బకి సరిపడా మందు, గుండు కలిపి కాగితంలో చుట్టిన పొట్లం. హిందీ, మరాఠీ, కన్నడం, తమిళం అన్నిట్లోనూ దీన్ని "తోటా" అంటారు. తూటు పొడుస్తుంది కాబట్టి తూటా అయిందని కొందరంటారు గానీ, పొట్లం తూటు పొడవదు కదా, పొడిచేది గుండు. హిందీలో దీనికి "కార్తూస్" అనే ఇంకో మాట ఉంది. యూరప్ నుంచి వచ్చిన ఆ మాటలో ఉన్నది "కార్టా", అంటే కాగితం. ఆయుధం పేరులో కాగితం ఉందంటే ఎవరు నమ్ముతారు!

ఆ కాగితప్పొట్లమే 1857లో ఈ దేశాన్ని కుదిపేసింది. ఎన్‌ఫీల్డ్ రైఫిలు తూటాని సిపాయి పళ్ళతో కొరికి చించి, మందు గొట్టంలో పోయాలి. ఆ కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారనే మాట కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో మొదలై దండులన్నిటికీ పాకింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఆ ఎన్‌ఫీల్డ్ అనేది లండన్ పక్క ఊరు, సర్కారు తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న చోటు. ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చిన కంపెనీయే తర్వాత రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరుతో బండ్లు చేసి, 1930ల్లో ఒక బండికి బుల్లెట్ అని పేరు పెట్టింది. మనూళ్ళో బుడుబుడుమని పోయే బుల్లెట్ బండికి అసలు చుట్టరికం అది.

ఇక ఆఖరి మాట మందు. నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇదే.

తుపాకిలో పోసే నల్లటి పొడిని మనం మందు అంటాం. మందూ గుండూ కలిస్తే మందుగుండు. కన్నడం వాళ్ళు "మద్దు", తమిళం వాళ్ళు "మరుందు" అంటారు, వాళ్ళకీ అర్థం ఔషధమే. మరాఠీలో "దారూ" అంటే తుపాకి మందూ అదే, సారాయీ అదే. పారశీకంలో ఆ మాటకి అర్థం ఔషధం. ఈ పొడిని మొట్టమొదట చేసిన చైనా వాళ్ళు "హువో యావ్" అంటారు, అంటే నిప్పు మందు. చావు లేని ఔషధం కోసం గంధకం, సురేకారం కలిపి చూస్తున్న రసవాదుల చేతుల్లో సుమారు 1,100 ఏళ్ళ కింద పుట్టింది కాబట్టి వాళ్ళు పెట్టిన పేరు ఉత్తినే పెట్టింది కాదు. బతికించడానికి కలిపింది చంపడానికి పనికొచ్చింది.

ఆ మందులో ముప్పాతిక వంతు సురేకారం. హిందీ వాళ్ళ "షోరా"కి మన క్షారం, అంటే కారం, చేరి సురేకారం అయింది. మన పాత మాట పెట్లుప్పు, పెట్లే ఉప్పు. అది ఎక్కడ దొరికేదో తెలుసా? పాత గొడ్లసావిట్లో, మట్టిగోడల అడుగున, పాత ఊరి దిబ్బల మీద తెల్లగా పొంగే ఉప్పులో. గొడ్ల పంచితంలో ఉన్న నత్రజని మట్టిలో కలిసి ఏళ్ళ తరబడి మాగితే ఆ ఉప్పవుతుంది. మన పెద్దోళ్ళు పాటిమన్ను బళ్ళకెత్తి చేలకి తోలింది కూడా ఆ సత్తువ కోసమే. ఒకే మన్ను, చేలో పోస్తే పంట, నానబెట్టి వడగట్టి కాస్తే తుపాకి మందు.

బీహారులో నోనియాలనే పేదోళ్ళు ఈ ఉప్పు వండేవాళ్ళు. 1757లో ప్లాసీ గెలిచిన మరుసటి ఏడే అక్కడి సురేకారం మీద గుత్త హక్కు కంపెనీ వాళ్ళు రాయించుకున్నారు. ఓడలకెత్తి యూరప్ యుద్ధాలకి పంపారు. మన పల్లె మన్నులో పొంగిన ఉప్పుతో ఎవరెవరో ఎక్కడెక్కడో కాల్చుకున్నారు. ఇప్పుడు మనం పత్తికి, మిర్చికి 13-0-45 అని పిచికారీ చేస్తున్నామే, అది ఆ సురేకారమే. పొటాషియం నైట్రేటు.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, సంక్రాంతి ముందు మా ఇంట్లో ఒకటి జరిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా అమ్మకి ఎనభై దాటాయి, రాత్రిపూట దగ్గు. నేను మోటారు వేయడానికి పోతూ "ఒరే, గూట్లో మందుంది, జేజికి ఇవ్వరా" అని మనవడికి కేకేశా. గూట్లో రెండు సీసాలున్నాయి. ఒకటి దగ్గుమందు. రెండోది మిర్చికి కొట్టగా మిగిలిన పురుగుమందు. పొద్దున్నే కావాలి కదా అని చిన్న సీసాలో పోసి నేనే పెట్టా. పిల్లాడు రెండోది తీసుకెళ్ళాడు. మూత తీయగానే వాసన పసిగట్టి మా ఇంటావిడ లాక్కుంది కాబట్టి సరిపోయింది.

నేనొచ్చి వాడి మీద అరిచా. వాడు ఏడుస్తా "మందు అనే కదా తాతా నువ్వు చెప్పింది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తప్పు పిల్లాడిది కాదు, మాటదీ కాదు. నాది.

మనకి జ్వరానికి వేసుకునేదీ మందే, చేలో చల్లేదీ మందే, పురుక్కి కొట్టేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే. ఫలానా వాడు మందు తాగాడని ఫోనొస్తే "ఏ మందు?" అని అడిగేటప్పుడు మన గొంతు వణుకుతుంది. ఆ ఫోను అందుకోని ఊరు మన వైపు లేదు.

వందల ఏళ్ళు వాడిన మాటని ఇప్పుడు మనం మార్చలేం, మార్చక్కర్లేదు కూడా. కానీ ఇంట్లో ఉత్త "మందు" అనడం మానేశాం. దగ్గుమందు, పురుగుమందు, కలుపుమందు అని పూర్తి పేరు పెట్టే పిలుస్తున్నాం. పురుగుమందు డబ్బా మార్చి ఇంకో సీసాలో పోయడం లేదు. మోటారు షెడ్లో పెట్టెకి తాళం వేసి, తాళంచెవి నా మొలతాడుకే కట్టుకున్నా. మీరూ ఈ పని ఇవాళే చేయండి, రేపనొద్దు.

సీసం కూడా విషమే కాబట్టి మా వాడి చేతులు సబ్బుతో కడిగించి, ఆ ఏడు గుండ్లు మళ్ళీ మూటగట్టి అటకెక్కించా. మీ ఇళ్ళల్లో పెద్దలకి ఇలాంటి పాత మాటలు ఇంకేమైనా గుర్తుంటే అడిగి నాకు చెప్పండి. వాళ్ళుండగానే అడగాలి. ఉంటానన్నలూ.