సున్న పుట్టుపూర్వోత్తరాలు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. ఒక సంఖ్యను సున్నతో గుణించాలి. వచ్చినదానికి అందులో సగం కలపాలి. ఆ మొత్తాన్ని మూడుతో గుణించి, సున్నతో భాగించాలి. ఫలితం 63. ఆ సంఖ్య ఏది?

బడిలో గణితం చదువుకున్న వారెవరైనా ఈ ప్రశ్నను సగంలోనే ఆపేస్తారు. సున్నతో గుణించిన వెంటనే ఏ సంఖ్య అయినా సున్నే. ఇక సున్నతో భాగించడం నిషిద్ధమని అందరికీ తెలిసినదే. కానీ ఈ లెక్క వేసినవాడు సామాన్యుడు కాడు, లీలావతీ గ్రంథకర్త భాస్కరాచార్యుడు. 12వ శతాబ్దానికి చెందిన ఆ మహాగణితజ్ఞుడు చెప్పిన జవాబు 14. గుణించిన సున్నకూ భాగించిన సున్నకూ చెల్లువేస్తే, మిగిలేది అసలు సంఖ్యకు నాలుగున్నర రెట్లు. అది 63 కనుక సంఖ్య 14.

ఇది పొరపాటా, ముందుచూపా? సమాధానం చెప్పే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సున్నను ఒక సంఖ్యగా స్వీకరించి, దానితో చేసే పరిక్రియలకు నియమాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు. 628లో రచించిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ఆయన సున్నను సున్నతో భాగిస్తే సున్నే అన్నాడు. ఇతర సంఖ్యలను సున్నతో భాగించినప్పుడు, సున్న హారంగా గల భిన్నంగానే వాటిని ఉంచాడు. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. సున్నతో భాగించినా సంఖ్య మారదన్నది ఆయన అభిప్రాయం. మన పావులూరి మల్లన తెలుగు చేసినది ఈ గ్రంథాన్నే. ఇంతటివారు ముగ్గురూ ఒకే ప్రశ్నకు మూడు తోవలు తొక్కారంటే, ప్రశ్న ఎంత జటిలమైనదో ఊహించవచ్చు.

భాస్కరుడు ఈ విషయాన్ని రెండు విధాలుగా చూశాడు. సున్న హారంగా గల రాశికి ఖహరమని పేరు పెట్టి, అది అనంతమన్నాడు. సృష్టి ప్రళయాలలో జీవులు వెలువడినా లీనమైనా భగవంతునిలో మార్పు లేనట్లే, ఏది కలిపినా తీసివేసినా ఖహరం మారదని బీజగణితంలో ఉపమానం చెప్పాడు. రెండవ మాట మరింత సూక్ష్మమైనది. సున్నతో గుణించిన తరువాత ఇంకా చేయవలసిన పరిక్రియలు ఉంటే, దానిని అప్పుడే సున్నగా తేల్చివేయవద్దు. గుణకంగా సున్న ఉన్నదన్న సంగతిని మాత్రం గుర్తుంచుకోవాలి. తరువాత సున్నతో భాగించవలసి వస్తే మొదటి రాశి అలాగే మిగులుతుంది. ఇది గ్రహగణితంలో మిక్కిలి ఉపయోగపడుతుందని కూడా ఆయనే చెప్పాడు.

దీనిని సార్వత్రిక సూత్రంగా తీసుకుంటే ప్రమాదమే. ఒకటిని సున్నతో గుణించినా, రెండును గుణించినా సున్నే. రెండు చోట్లా సున్నను కొట్టివేస్తే ఒకటి రెండుకు సమానమై కూర్చుంటుంది! అంటే ఈ చెల్లువేత ఒక్క షరతు మీదనే నిలుస్తుంది: ఆ సున్న ఎక్కడి నుంచి వచ్చిందో మనం మరచిపోకూడదు.

త్రికోణమితిలో ఈ షరతు ఎంత అవసరమో స్పష్టంగా కనిపిస్తుంది. రేడియన్లలో కొలిచిన కోణపు సైన్‌ను ఆ కోణంతోనే భాగించండి. కోణం 30 డిగ్రీలైతే నిష్పత్తి సుమారు 0.955, 3 డిగ్రీల 45 నిమిషాలైతే 0.9993, అందులో సగమైతే 0.9998. కోణం సున్న అయినచోట లవమూ హారమూ రెండూ సున్నలే, అక్కడ నిష్పత్తికి అర్థం లేదు. కానీ అది చేరబోయే గమ్యం మాత్రం నిస్సందేహంగా 1. మూడు రెట్ల కోణపు సైన్‌ను అదే కోణంతో భాగిస్తే గమ్యం 3. ఒకటిలోంచి కొసైన్ తీసివేసి కోణపు వర్గంతో భాగిస్తే గమ్యం అర. మూడు చోట్లా పైకి కనిపించేది సున్న కింద సున్నే. జవాబులు వేరు కావడానికి కారణం ఆ సున్నల పుట్టుపూర్వోత్తరాలే.

ఈ నిష్పత్తి ఛాయలు మన జ్యోతిష గ్రంథాలలో పాతవే. 499 నాటి ఆర్యభటీయంలో జ్యల పట్టిక మొదటి మెట్టులో చాపం 225 కళలు, దాని జ్య కూడా 225. చాపం చిన్నదైనప్పుడు దానికీ జ్యకూ తేడా లెక్కకు రానంతటిదని ఆ పట్టికే చెబుతోంది. భాస్కరుడు సిద్ధాంతశిరోమణిలో గ్రహపు స్థూలగతిని, ఆ క్షణపు తాత్కాలిక గతిని వేరు చేసి, జ్యలో వచ్చే స్వల్పమైన మార్పు కోటిజ్యను అనుసరిస్తుందని చెప్పాడు. కేరళలో మాధవుని సంప్రదాయంవారు జ్యకు అనంతశ్రేణినే కనుగొన్నారు. 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు దాని ఉపపత్తిని యుక్తిభాషలో, మలయాళంలో రాశాడు.

ఐరోపాలోనూ ఈ తోవ సాఫీగా సాగలేదు. లవహారాలు రెండూ సున్న అయ్యేచోట వాడే ప్రసిద్ధ నియమం 1696లో లోపిటాల్ పుస్తకంలో అచ్చయింది. కనుగొన్నది ఆయన గురువు యోహాన్ బెర్నూలీ. భాగించేటప్పుడు సున్న కాదని, భాగించాక సున్నేనని ఒకే రాశి గురించి ఎలా అంటారని 1734లో బిషప్ బర్క్‌లీ నిలదీశాడు. ఆక్షేపణ సబబైనదే. దానికి దీటైన జవాబుకు దారి 1821లో కోషీ పుస్తకంతో ఏర్పడింది: సున్నతో అసలు భాగించనే వద్దు, హారం సున్నను సమీపిస్తున్నకొద్దీ నిష్పత్తి దేనికి చేరువవుతుందో దానినే అవధి అందాం.

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. సున్నకు బదులు పదో వంతు పెట్టండి, జవాబు 14. లక్షో వంతు పెట్టండి, అప్పుడూ 14. భాస్కరుని జవాబు నేటి పద్ధతిలోనూ నిలుస్తుంది.

అంతమాత్రాన ఆయనే అవధిని కనుగొన్నాడని జబ్బలు చరచుకోవడం న్యాయం కాదు. ఆయన గ్రంథంలో అవధికి నిర్వచనం లేదు; ఆ సున్న సమీపిస్తున్న రాశి కాదు, సున్నే. సున్నతో భాగించడమేమిటని నవ్వి పక్కన పెట్టడమూ అంతే అన్యాయం. సున్నకు గతం ఉంటుందని, దానిని గుర్తుంచుకుంటే పోయిన సంఖ్య తిరిగి దొరుకుతుందని ఆయన గ్రహించాడు. ఆ గ్రహింపుకు తగిన భాష ఏర్పడడానికి మరో ఆరున్నర శతాబ్దాలు పట్టింది. పూర్వులను గౌరవించడమంటే వారు చెప్పినదానిని ఉన్నది ఉన్నట్లు, ఒక సున్న ఎక్కువా తక్కువా కాకుండా చదవడమేనని నా నమ్మకం.