మ్యోడ్లరోయిట్ గ్రామము – సీమావిభాగ చరిత్రము

జర్మనీ దేశమున బవేరియా, థ్యూరింగియా రాష్ట్రములు కలియుచోట మ్యోడ్లరోయిట్ అను కుగ్రామ మొకటి కలదు. జనసంఖ్య సుమారు 50. గ్రామమధ్యమున టాన్‌బాఖ్ అను సన్నని వాగు ప్రవహించుచున్నది. 'రోయిట్' అనునది యడవిని నఱికి సాగునకు దెచ్చిన నేలను దెలుపు పదము. ప్రసిద్ధమైన బైరోయిట్ నగరనామమును నట్టిదే. కావున వనచ్ఛేదనముచే నేర్పడిన యూ రిదియని పేరే చెప్పుచున్నది.

ఈ గ్రామవిభజనము 1949లో జర్మనీ రెండు రాజ్యములైనపుడు పుట్టినదను తలంపు పలువురకు గలదు. అది సరికాదు. బైరోయిట్ సంస్థానము ప్రష్యావారి చేతినుండి ఫ్రెంచివారి చేతికి బోయి, 1810లో బవేరియా రాజ్యమున గలసెను. ఆ యేడే యిచట గ్రొత్త పొలిమేరరాళ్లు పాతబడెను. వానిపై నొకప్రక్క బవేరియా రాజ్యమునకు గుర్తుగా 'కే. బి.' అనియు, రెండవప్రక్క రోయిస్ సంస్థానమునకు గుర్తుగా 'ఎఫ్. ఆర్.' అనియు నక్షరములు చెక్కబడినవి. రోయిస్ వంశమున పురుషులందఱకును హైన్రిఖ్ అనుటయే పేరు. సంఖ్యచేతనే వారిని వేఱుపఱుపవలయును. శాసనపరిశోధకుల కా వంశావళి యెంతటి చిక్కో యూహింపవచ్చును.

ప్రభువు లిరువురైనను బ్రదుకొక్కటియే. పాఠశాలయు పానశాలయు రోయిస్ గట్టున నుండెను. ఆరాధనమునకు మాత్రము గ్రామస్థులు బవేరియాలోని ట్యోపెన్‌కు బోవువారు. 1920లో రోయిస్ మొదలగు చిన్న సంస్థానములు గలసి థ్యూరింగియా యయ్యెను. పత్రములలో బేరులు మాఱినవి గాని, వాగు దాటువారి నెవ్వరు నడ్డలేదు.

1945 జులైలో థ్యూరింగియా సోవియట్ సేనల వశమయ్యెను. బవేరియా యమెరికావారి యధీనమున నిలిచెను. 1952 మే మాసమున తూర్పు జర్మనీ ప్రభుత్వము సరిహద్దు పొడవునను 5 కిలోమీటర్ల నిషిద్ధమండలమును, అందు 500 మీటర్ల రక్షణపట్టిని, గీతను జేర్చి 10 మీటర్ల దున్నిన నేలను నేర్పఱచెను. వాగు వెంబడి పలకలదడి లేచెను. బడికి దారి మూతబడెను. ఆ యేడే థ్యూరింగియా పాలనవిభాగము రద్దయి, తూర్పుగ్రామము గేరా మండలమున జేరెను. 1966లో 700 మీటర్ల పొడవున, 3 మీటర్లకు మించిన యెత్తున కాంక్రీటుగోడ కట్టబడెను. ఆవలిగట్టు బంధువునకు జేయి యూపుటయు తూర్పువారికి నిషిద్ధమే!

అమెరికా సైనికులు దీనిని 'చిన్న బెర్లిన్' అనిరి. పోలిక కొంతవఱకే చెల్లును. బెర్లిన్ 1945 వఱకు నొక్క పాలనములో నున్న నగరము. ఇచటనో, శతాబ్దములనాటి గీతయే గోడకు దారి చూపినది. వాగును నిందించుట యుక్తము కాదు. అదే వాగు, అదే గీత 1952కు బూర్వ మెవ్వరి నన్నమునకును బంధుత్వమునకును దూరము చేయలేదు గదా.

1989 డిసెంబరు 9న గోడలో కాలిబాట తెఱవబడెను. 1990 జూన్ 17న గోడ కూల్చబడెను. సుమారు 100 మీటర్ల భాగము ప్రదర్శనార్థము నిలుపబడినది. దేశ మా యేటి అక్టోబరు 3న నేకమయ్యెను. గ్రామము మాత్ర మేకము కాలేదు. ఒక భాగము హోఫ్ జిల్లాలోని ట్యోపెన్‌కును, రెండవది సాలె–ఓర్లా జిల్లాలోని గెఫెల్ పట్టణమునకును జెందియున్నది. అధ్యక్షు లిరువురు; తపాలా సంఖ్యలు రెండు; వాహనముల గుర్తులు రెండు. పలుకరింపులును వేఱే: ఒకగట్టున 'గ్ర్యూస్ గోట్', వేఱొకగట్టున 'గూటెన్ టాగ్'. 1810లో రాళ్లు పాతిన గీతయే నేటికిని రెండు రాష్ట్రములకు నెల్ల.